పిలిచే మనిషి వచ్చాక పుట్టిన డ్యాన్సులు

అమెరికాలో ఇవాళ ఏ ఊళ్లో కాంట్రా డ్యాన్స్ (జంటలు రెండు పొడవాటి వరసల్లో నిలబడి కలిసి ఆడే డ్యాన్స్) జరిగినా తంతు దాదాపు ఒకటే. సాయంత్రం మూడు గంటలసేపట్లో పదో పన్నెండో డ్యాన్సులు ఆడతారు. అందులో చాలావాటి పేరు కూడా అక్కడికొచ్చినవాళ్లు అంతకుముందు విని ఉండరు. అయినా ఎవరికీ టెన్షన్ ఉండదు. వేదిక మీద ఫిడిల్, పియానో వాయించేవాళ్ల పక్కన మైకు పట్టుకుని కాలర్ నిలబడి ఉంటారు. సంగీతం మొదలవకముందు ఒకటి రెండుసార్లు అందరినీ నడిపించి చూపిస్తారు. ఆ తర్వాత వాయిద్యాలు అందుకుంటాయి. తర్వాత ఏం చేయాలో కాలర్ చెబుతూ ఉంటే జనం ఆడుతూ పోతారు.

ఇవన్నీ తాతల నాటి డ్యాన్సులని కొత్తవాళ్లు అనుకుంటారు. నిజానికి ఎక్కువ భాగం గత యాభై ఏళ్లలో ఫలానా మనిషి కూర్చినవి. కూర్పులు వేల సంఖ్యకు చేరాయి, ఇంకా వస్తున్నాయి. ఇన్ని కొత్తవి ఎందుకు, పాతవి ఏమైపోతున్నాయి, ఒకరు కూర్చినదాన్ని మరొకరు మార్చవచ్చా అన్న వాదనలు కాలర్ల మధ్య నడుస్తున్నాయి. వీటి వెనక కథ తెలియాలంటే ఒక్క సంగతి పట్టుకుంటే చాలు: డ్యాన్స్‌ను గుర్తుపెట్టుకునే పని ఏ కాలంలో ఎవరి మీద ఉండేది?

మొదట ఆ పని పుస్తకానిది. 1651లో లండన్‌లో జాన్ ప్లేఫర్డ్ అనే ప్రచురణకర్త 'ది ఇంగ్లిష్ డాన్సింగ్ మాస్టర్' అచ్చువేశాడు. రాజు తల తెగి రెండేళ్లు, దేశం కఠిన మతనిష్ఠ గల ప్యూరిటన్ల చేతిలో ఉంది. అలాంటి సమయంలో నూరు పైచిలుకు డ్యాన్సుల పుస్తకం బయటికి రావడం విచిత్రమే. ఒక్కో డ్యాన్స్‌కు ఒక బాణీ, దాని కింద కదలికలు, అంతే. ఎవరు కూర్చారన్నది లేదు. వాటిలో కొన్ని డ్యాన్సులకు జంటలు రెండు పొడవాటి వరసల్లో ఎదురెదురుగా నిలబడాలి, ఎంతమంది ఉంటే అంతమందీ ఆడవచ్చు. కాంట్రా మూలరూపం అదే.

పద్దెనిమిదో శతాబ్దపు విందు గదుల్లో ఆ పని కళ్లది. వరసకు తలలో నిలబడ్డ జంట ఏ డ్యాన్స్ ఆడాలో ఎంచుకునేది, అది అక్కడి నుంచే మొదలయ్యేది. కిందున్నవాళ్లు చూస్తూ నిలబడేవారు. పైజంట ఒక్కో మెట్టు దిగుతూ తమ దాకా వచ్చేసరికి కదలికలు కంటికి పట్టుబడేవి. అందువల్ల డ్యాన్స్ ఎంత మెలికలు తిరిగి ఉన్నా నష్టం లేదు, చూసి నేర్చుకునే టైమ్ ఉంది. మిగతాది డాన్స్ మాస్టర్లు డబ్బు తీసుకుని నేర్పేవారు. కొత్త డ్యాన్స్ వాళ్ల సరుకు. 1788లో అమెరికాలోని ప్రావిడెన్స్‌లో జాన్ గ్రిఫిత్స్ అనే మాస్టర్ పేరు మీద ఒక సంకలనం వచ్చింది. కొత్త ఫ్యాషన్ డ్యాన్సులివని, వీటిలో ఎక్కువ భాగం గ్రిఫిత్స్‌వేనని పుస్తకం పేరులోనే రాసుకున్నారు. కూర్చినవాడి పేరుకు అంగడిలో విలువ ఉందన్నమాట.

పందొమ్మిదో శతాబ్దంలో కదలికలను గట్టిగా చెప్పే మనిషి వచ్చాడు. ఈ చరిత్ర చాలాకాలం మసకగానే ఉండిపోయింది. బానిసత్వంలో ఉన్న, స్వేచ్ఛ పొందిన నల్లజాతి ఫిడిల్ వాద్యకారులే వాయిస్తూ కదలికలను పిలిచే పద్ధతికి ఆద్యులని పరిశోధకుడు, కాలర్ అయిన ఫిల్ జేమిసన్ 2015లో వచ్చిన తన పుస్తకంలో ఆధారాలతో వాదించాడు. తెల్లవాళ్ల విందుల్లో వాయించేది వాళ్లే, తమ సొంత కూడికల్లో వాయించేదీ వాళ్లే. డాన్స్ మాస్టర్ దగ్గరికి వెళ్లే స్తోమత లేనివాళ్లు కూడా క్వాడ్రిల్ (నాలుగు జంటలు చదరంగా నిలబడి ఆడే డ్యాన్స్) ఆడగలిగారంటే వాళ్ల గొంతు వల్లనే. శతాబ్దం సగం దాటేసరికి పిలవడం ఎంత మామూలైపోయిందంటే, బోస్టన్‌లో ఎలియాస్ హౌ 1862లో వేసిన డ్యాన్స్ పుస్తకం పేరులోనే 'ప్రాంప్టర్' (కదలికలు అందించేవాడు) అన్న మాట చేరింది.

పిలిచే మనిషి ఉంటే గుర్తుపెట్టుకునే పని ఇక ఆడేవాళ్లది కాదు. అప్పుడే కొత్త డ్యాన్సులు వెల్లువెత్తి ఉండాలి కదా? అలా జరగలేదు. న్యూహాంప్‌షైర్, వెర్మాంట్, మెయిన్ పల్లెల్లో ఊరికి కొన్ని కాంట్రాలే ఉండేవి, వాటినే ఏళ్ల తరబడి ఆడేవారు. ప్రతిదానికీ దాని బాణీ దానికి ఉండేది, బాణీ పేరే డ్యాన్స్ పేరు. మనీ మస్క్, పెట్రొనెల్లా, రోరీ ఓ మోర్ అలాంటివే. 1812 యుద్ధంలో కెప్టెన్ ఐజాక్ హల్ నౌక బ్రిటిష్ నౌకను ఓడించినందుకు గుర్తుగా హల్స్ విక్టరీ వచ్చింది. ఫిడిల్ మీద మొదటి నాలుగు స్వరాలు పడగానే ఏం చేయాలో కాళ్లకు తెలిసిపోయేది.

వాటిలో కోరస్ జిగ్‌ను కాస్త దగ్గరగా చూద్దాం. జంటలను ఒకటి, రెండు, ఒకటి, రెండు అని లెక్కపెడతారు. ఒకటో నంబరు జంటలు వరసల వెలుపలి నుంచి కిందికి వెళ్లి తిరిగొస్తారు. తర్వాత మధ్యలోంచి కిందికి వెళ్లి, తిరిగొచ్చి, పక్క జంటను చుట్టి ఒక స్థానం దిగుతారు. తర్వాత కాంట్రా కార్నర్స్: జతగాడి చేయి పట్టుకుని తిరగడం, మూలనున్న మనిషి చేయి, మళ్లీ జతగాడు, రెండో మూల. చివరికి ఇద్దరూ బ్యాలెన్స్ చేసి (ఎదురెదురుగా ముందుకూ వెనక్కూ ఊగి) స్వింగ్ చేస్తారు (ఒకరినొకరు పట్టుకుని ఉన్నచోటే గిర్రున తిరుగుతారు). చూడముచ్చటైన డ్యాన్సే. కానీ అంతసేపూ రెండో నంబరు జంటలు ఏం చేస్తున్నారు? చాలావరకు నిలబడి ఉన్నారు. తమవంతు వచ్చేదాకా పక్కవాళ్లతో కబుర్లు చెప్పుకోవడం పాత పల్లె జనానికి ఇబ్బందేం కాదు. ఊరి కబుర్లు తెలిసేది అక్కడే మరి.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఈ డ్యాన్సులు పట్నాల్లో దాదాపు కనుమరుగయ్యాయి. 1920లలో కార్ల కంపెనీ యజమాని హెన్రీ ఫోర్డ్ మసాచుసెట్స్ నుంచి బెంజమిన్ లవెట్ అనే డాన్స్ మాస్టర్‌ను మిషిగన్‌లోని డియర్‌బోర్న్‌కు రప్పించి, పాత డ్యాన్సులు నేర్పించి, 1926లో పుస్తకం కూడా వేయించాడు. ఆయన ఉద్దేశం అంత గొప్పదేం కాదు. జాజ్ అంటే ఆయనకు పడదు, దాన్ని యూదుల కుట్రగా చూసేవాడు. 'స్వచ్ఛమైన' పాత అమెరికా అని ఆయన నెత్తిన పెట్టుకున్న డ్యాన్సుల్లో పిలిచే పద్ధతి నల్లవాళ్ల నుంచి వచ్చిందన్న సంగతి ఆయన చెవిన పడి ఉండదు.

అసలు పని న్యూహాంప్‌షైర్‌లో రాల్ఫ్ పేజ్ చేశాడు. 1930లో పిలవడం మొదలుపెట్టి, 1937లో బెత్ టోల్మన్‌తో కలిసి పుస్తకం రాశాడు. 1949 నుంచి 1984 దాకా 'నార్దర్న్ జంకెట్' పత్రిక నడిపాడు. పాతవాటిని తవ్వి తీస్తూనే సొంతంగానూ కూర్చాడు. 1943 నుంచి బోస్టన్‌లో వారం వారం పిలిచాడు. అక్కడే చిక్కు మొదలైంది. పట్నంలో డ్యాన్స్‌కు వచ్చేవాళ్లు ఒకరికొకరు తెలియదు. బస్సెక్కి వచ్చి, టికెట్ కొని, నిలబడి చూడటానికి ఎవరు ఒప్పుకుంటారు? మసాచుసెట్స్‌కు చెందిన హెర్బీ గోడ్రో 1958లో బెకెట్ రీల్ కూర్చాడు. అందులో జతగాళ్లు ఎదురెదురుగా కాక పక్కపక్కనే నిలబడతారు, అవతలి వరసలో మరో జంట ఉంటుంది. ఒకటో నంబరు, రెండో నంబరు అన్న తేడా కనిపించదు, నలుగురికీ సమానంగా పని. ఈ అమరికను ఇప్పటికీ బెకెట్ అనే అంటారు.

1960లు, 70లలో డడ్లీ లాఫ్‌మన్ తన బృందంతో ఊరూరా తిరిగినప్పుడు పొడుగు జుట్టు కుర్రకారు వెల్లువలా వచ్చి పడ్డారు. వాళ్లలో కొందరు వేరే రాష్ట్రాలకు వెళ్లి అక్కడ డ్యాన్సులు పెట్టారు. వాళ్లకు ఊరి జ్ఞాపకం లేదు, బాణీ వింటే కాళ్లు కదలవు. కాలర్ నోరే ఆధారం. ఒక శతాబ్దం ఆలస్యంగా వెల్లువ అప్పుడొచ్చింది. టెడ్ సనెల్లా 1982లో తన కూర్పులతో, ఇతరుల కూర్పులతో పుస్తకం తెచ్చాడు. మరుసటి ఏడు లారీ జెన్నింగ్స్ వందలాది డ్యాన్సులను పొడి అక్షరాల్లో కుదించి 'జెస్టీ కాంట్రాస్' వేశాడు. ఆయన కొలబద్ద సూటిగా ఉంటుంది, ఎవరూ ఖాళీగా నిలబడకూడదు. జీన్ హ్యూబర్ట్ 'డిజ్జీ డ్యాన్సెస్' పేరుతో వరసగా చిన్న పుస్తకాలు తెచ్చాడు. ఈలోగా డ్యాన్స్ నుంచి బాణీ విడిపోయింది. డ్యాన్స్ కాలర్ ఎంచుకుంటారు, బాణీ బ్యాండు ఎంచుకుంటుంది. రెండూ 64 బీట్లకు కుదిరితే చాలు.

ఆ 64 బీట్లలోనే కూర్చేవాళ్ల నేర్పంతా. డేవిడ్ కేనర్ కూర్చిన బేబీ రోజ్ చూడండి. మొదటి 16 బీట్లు పక్క జంటలోని మనిషితో బ్యాలెన్స్, స్వింగ్. తర్వాత నలుగురూ చేతులు కలిపి ఎడమవైపు ముప్పావు చుట్టు తిరిగితే, అప్పటిదాకా ఎదురుగా ఉన్న జతగాడు పక్కకు వస్తాడు. అతనితో డో-సి-డో (ముఖాలు తిప్పకుండా ఒకరి చుట్టూ ఒకరు తిరిగి రావడం), తర్వాత 16 బీట్లు బ్యాలెన్స్, స్వింగ్. చివర్లో ఇద్దరు మధ్యలో కుడిచేయి కలిపి అవతలికి వెళితే, అవతలివాళ్లు వాళ్లను అందుకుని అక్కడే అపసవ్యంగా తిప్పుతారు. ఆ తిరుగుడు ఆగకుండానే నలుగురూ ఎడమచేతులు మధ్యలో కలిపి స్టార్ కట్టి తిరుగుతారు, అదీ అపసవ్యమే. ఒళ్లు ఒకవైపు తిరుగుతుంటే ఇంకోవైపు లాగే కదలిక ఎక్కడా లేదు. స్టార్ వదిలి చూస్తే ఎదురుగా కొత్త మనిషి. మళ్లీ మొదటికి. రాయడానికి నాలుగు వరసలు చాలు. కానీ ఏ చేయి ఖాళీగా ఉంది, బరువు ఏ కాలి మీద ఉంది, వరస చివర మిగిలిపోయిన జంట ఎటు తిరగాలి అన్నవన్నీ కూర్చేవాళ్లు ముందే చూసుకోవాలి. బల్ల మీద నాలుగు నాణేలు జరుపుతూ లెక్క చూసుకునేవాళ్లూ ఉన్నారు. నాణేలకు కళ్లు తిరగవు కాబట్టి హాల్లో ఆడించి చూశాకే అసలు తీర్పు.

పిలవడం వేరే విద్య. నిమిషానికి సుమారు 110 నుంచి 120 బీట్ల వేగంలో 64 బీట్ల ఒక్కో ఆవృతం అర నిమిషం పైచిలుకు. కదలిక మొదలయ్యే బీటుకు ముందే మాట పూర్తి కావాలి. అంటే జనం ఇప్పుడు చేస్తున్నదాని చివరి నాలుగు బీట్లలో రాబోయేది చెప్పేయాలి. ఒక్క బీటు ఆలస్యమైతే హాలంతా తడబడుతుంది. మన కోలాటంలోనూ గురువు ఈల వేయగానే కోపు మారుతుంది, కానీ ఆ కోపులు జట్టు ముందే సాధన చేసి ఉంటుంది. ఇక్కడ సంగీతానికి ముందు నడిపించి చూపే రెండు నిమిషాల వాక్‌త్రూయే సాధన. కొన్ని ఆవృతాలు గడిచాక కాలర్ మాటలు కుదించి, చివరికి మౌనంగా ఉండిపోతారు. ఎంత త్వరగా మౌనం వహించగలిగితే కూర్పు అంత బాగున్నట్టు. నా దృష్టిలో కాలర్‌కు ఇంతకు మించిన పరీక్ష లేదు.

ఇంత సుఖంగా ఉన్నందుకు మూల్యం కూడా ఉంది. ప్రతి డ్యాన్స్‌లో పక్క మనిషితో ఒక స్వింగ్, జతగాడితో ఒక స్వింగ్ తప్పనిసరి అయితే 64 బీట్లలో సగం అక్కడే ఖర్చు. మిగిలిన సగంలో ఎన్ని తిప్పలు పడ్డా ఒకదాని పోలిక ఇంకోదానికి వస్తుంది. కాంట్రా కార్నర్స్ లాంటి పాత కదలికలు ఈ తరంలో చాలామందికి తడబాటే. అందుకే డేవిడ్ స్మక్లర్, డేవిడ్ మిల్‌స్టోన్ 2008లో పాత డ్యాన్సుల మీద ప్రత్యేకంగా పుస్తకం రాయాల్సి వచ్చింది. నిలబడి చూసే డ్యాన్స్‌ను అన్యాయం అనడం నాకు సబబనిపించదు. ఆడేవాళ్లను చూడటం కూడా ఒకప్పుడు డ్యాన్స్‌లో భాగమే.

ఇక హక్కుల మాట. అమెరికా కాపీరైట్ చట్టం 1976 నుంచి నృత్య రచనలను గుర్తిస్తుంది. కానీ జానపద, స్క్వేర్ డ్యాన్సుల లాంటి సామాజిక నృత్యాలు నమోదుకు రావని కాపీరైట్ ఆఫీసు చెబుతుంది. అచ్చేసిన వివరణ పాఠానికి రక్షణ ఉండవచ్చు, కదలికల వరసకు మాత్రం కష్టం. కాబట్టి ఉన్నదల్లా ఆచారం. ఎవరు కూర్చినదైనా ఎవరైనా పిలవవచ్చు, రుసుం లేదు, కానీ పేరు చెప్పాలి. కాలర్లు ఇండెక్స్ కార్డు మీద డ్యాన్స్ పేరు పక్కనే కూర్చినవారి పేరు రాసుకుంటారు. గ్రిఫిత్స్ సరుకుగా అమ్ముకున్నది ఇప్పుడు మర్యాదగా మిగిలింది.

ఆ మర్యాదకు ఈ పదేళ్లలో గట్టి పరీక్ష ఎదురైంది. ఆడామగా తేడా లేకుండా ఎవరు ఏ వైపైనా ఆడే పద్ధతి ఎల్‌జీబీటీ డ్యాన్సుల్లో 1980ల నుంచే ఉంది. చేతికి పట్టీ కట్టినవాళ్లు ఒక వైపు, కట్టనివాళ్లు ఇంకో వైపు. తర్వాత జెంట్స్, లేడీస్ బదులు లార్క్స్, రావెన్స్ అన్నారు, అది కాస్తా లార్క్స్, రాబిన్స్ అయింది. ఇంగ్లిషులో ఎడమకు, కుడికి ఉన్న తొలి అక్షరాలే ఆ పక్షుల పేర్లకూ ఉన్నాయి కాబట్టి గుర్తుంచుకోవడం తేలిక. కోవిడ్ తర్వాత హాళ్లు తెరిచేటప్పుడు చాలాచోట్ల ఈ మాటలతోనే తెరిచారు. ఒకరి కళ్లలోకి ఒకరు చూస్తూ చుట్టూ తిరిగే కదలికకు రోమా ప్రజలను కించపరిచే పాత పేరు ఉండేది, అదీ మారింది. కార్డు మీద మాట మార్చడంతో పెద్ద పేచీ రాలేదు. పేచీ వచ్చింది డ్యాన్స్ శీర్షికలోనే ఆ మాట ఉన్నచోట. కూర్చినవారు బతికుంటే అడగవచ్చు. చనిపోయి ఉంటే కొందరు శీర్షిక పలకకుండా పేరు మాత్రం చెబుతారు, కొందరు ఆ డ్యాన్స్ జోలికే వెళ్లరు.

ఇంకో చిక్కు తీరేలా లేదు. కదలికలు పరిమితం, బీట్లు 64, సుఖంగా సాగే వరసలు కొన్నే. అందుకని ఒకే వరస ఇద్దరికి ఒకరికి తెలియకుండా ఒకరికి తడుతూ ఉంటుంది. కొత్తది కూర్చామనుకున్నవాళ్లు ఇప్పుడు ముందుగా చేసే పని, వేల కూర్పులున్న డేటాబేసుల్లో వెతుక్కోవడం. ఎవరిదైనా ముందే నమోదై ఉంటే ఆ పేరే నిలుస్తుంది. రెండోవారు పెట్టిన పేరు ఎంత అందంగా ఉన్నా పక్కన పెట్టేస్తారు.