కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ వేశాక బూట్ కావడం లేదా? అపోహలు – వాస్తవాలు

కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చేయగానే నల్లటి తెర మీద ఒక్క వాక్యం వచ్చి ఆగిపోతే, చాలామంది మళ్ళీ పెన్‌డ్రైవ్ పెట్టి మొదటి నుంచి ఇన్‌స్టాల్ చేయడం మొదలుపెడతారు. నా దగ్గరకు వచ్చే యంత్రాల్లో అధిక శాతానికి ఆ అవసరం ఉండదు. ముందు ఫర్మ్‌వేర్ (యంత్రం ఆన్ కాగానే నడిచే, మదర్‌బోర్డులోని ప్రోగ్రామ్) బూట్‌లోడర్‌ను వెతికి పట్టుకుంటుంది, బూట్‌లోడర్ ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగమైన కెర్నల్‌ను మెమరీలోకి ఎక్కిస్తుంది, కెర్నల్ తన డ్రైవర్లతో డిస్క్‌ను తెరుస్తుంది. ఈ వరుసలో పని ఎక్కడ ఆగిందో తేల్చుకోకుండా చేసే ఏ మరమ్మతూ నిలవదు.

అపోహ: బూటబుల్ డివైస్ లేదని సందేశం వస్తే హార్డ్‌డిస్క్ పాడైనట్టే.

వాస్తవం: ఫర్మ్‌వేర్ సెట్టింగుల్లో డిస్క్ పేరు, సామర్థ్యం సరిగ్గా కనిపిస్తుంటే ముందుగా అనుమానించవలసింది డిస్క్‌ను కాదు, బూట్ విధానాన్ని. పాత బయోస్ పద్ధతిలో డిస్క్‌లోని మొదటి 512 బైట్ల సెక్టార్‌ను చదివి అందులోని కోడ్‌ను నడుపుతారు. కొత్తదైన యూఈఎఫ్‌ఐ పద్ధతిలో ఆ కోడ్‌తో పనే లేదు, సాధారణంగా ఫ్యాట్32 అనే ఫైల్ వ్యవస్థలో ఉండే ఈఎఫ్‌ఐ పార్టిషన్‌ను తెరిచి అందులోని బూట్‌లోడర్ ఫైలును నడుపుతారు. ఒక పద్ధతిలో ఇన్‌స్టాల్ చేసి మరో పద్ధతిలో బూట్ చేయబోతే ఫర్మ్‌వేర్‌కు ఏమీ దొరకదు.

ఒక విద్యార్థి మూడుసార్లు లినక్స్ వేసి, మూడుసార్లూ ఇదే సందేశం చూసి, డిస్క్ మార్చడానికి సిద్ధపడి ల్యాప్‌టాప్ తెచ్చారు. బూట్ మెనూ తెరిస్తే ఒకే పెన్‌డ్రైవ్ రెండుసార్లు కనిపించింది, ఒకదాని ముందు యూఈఎఫ్‌ఐ అని ఉంది, రెండోదాని ముందు లేదు. ఆయన ప్రతిసారీ ఎంచుకున్నది రెండోదాన్ని. మొదటిదానితో లైవ్ సెషన్‌లోకి (పెన్‌డ్రైవ్ నుంచే నడిచే లినక్స్‌లోకి) వెళ్ళి, యూఈఎఫ్‌ఐ పద్ధతిలోనే బూట్ అయిందనడానికి గుర్తుగా టెర్మినల్‌లో /సిస్/ఫర్మ్‌వేర్/ఈఎఫ్‌ఐ (/sys/firmware/efi) డైరెక్టరీ ఉందని నిర్ధారించుకుని, డిస్క్‌లో ఈఎఫ్‌ఐ పార్టిషన్‌కు చోటు చేసి లినక్స్ బూట్‌లోడర్ అయిన గ్రబ్‌ను మాత్రమే తిరిగి వేశాను. ఆయన ఫైళ్ళన్నీ భద్రంగా ఉన్నాయి.

అపోహ: ఏం వేసినా ముందు సెక్యూర్ బూట్ (సరైన డిజిటల్ సంతకం ఉన్న బూట్‌లోడర్‌నే నడవనిచ్చే ఫర్మ్‌వేర్ సెట్టింగ్) ఆపేయాలి.

వాస్తవం: ఉబుంటు, ఫెడోరా, డెబియన్ వంటివి మైక్రోసాఫ్ట్ సంతకం ఉన్న షిమ్ అనే చిన్న బూట్‌లోడర్ ద్వారా సెక్యూర్ బూట్ ఉండగానే నడుస్తాయి. సంతకం చెల్లదని ఫర్మ్‌వేర్ చెప్పినప్పుడే ఆ సెట్టింగ్ వైపు చూడాలి. అదే యంత్రంలో బిట్‌లాకర్‌తో (విండోస్‌లోని డిస్క్ ఎన్‌క్రిప్షన్‌తో) రక్షించిన విండోస్ ఉంటే, సెట్టింగ్ మార్చే ముందే 48 అంకెల రికవరీ కీ చేతిలో ఉంచుకోవాలి. ఈ జాగ్రత్త మరిచి తమ డేటాకు తామే దూరమైన వారిని చూశాను కనుక గట్టిగా చెబుతున్నాను.

అపోహ: ఐఎస్ఓ ఫైలును (ఆపరేటింగ్ సిస్టమ్ ఇన్‌స్టాలర్ మొత్తం ఉన్న ఫైలును) పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేస్తే చాలు.

వాస్తవం: చాలదు. దాన్ని రూఫస్ వంటి సాధనంతో రాయాలి, రాసే ముందు, ఫైలు చెడకుండా దిగిందో లేదో తేల్చే ఎస్‌హెచ్‌ఏ-256 విలువను డౌన్‌లోడ్ పేజీలోని దానితో సరిపోల్చుకోవాలి.

అపోహ: ఇన్‌స్టాలర్ జాబితాలో డిస్క్ లేకపోతే అది చెడిపోయినట్టే.

వాస్తవం: ఫర్మ్‌వేర్‌లో కనిపించే డిస్క్ విండోస్ ఇన్‌స్టాలర్‌లో కనిపించకపోవడానికి, చాలా ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో, వీఎండీ అనే ఇంటెల్ స్టోరేజ్ కంట్రోలర్ కారణం. దానికి తగిన స్టోరేజ్ డ్రైవర్‌ను పెన్‌డ్రైవ్‌లో ఉంచుకుని ఇన్‌స్టాలర్‌లోనే లోడ్ చేస్తే డిస్క్ కనిపిస్తుంది. వీఎండీని ఆపేయడమూ ఒక మార్గమే కానీ, అప్పటికే అందులో ఉన్న విండోస్ ఆ మార్పుతో బూట్ కావడం మానేయవచ్చు.

అపోహ: ఎంబీఆర్‌ను (డిస్క్‌లోని మొదటి సెక్టార్‌ను) సరిచేసే ఆదేశం ఇస్తే ఏ బూట్ సమస్యైనా తీరుతుంది.

వాస్తవం: యూఈఎఫ్‌ఐ యంత్రం ఆ మొదటి సెక్టార్‌లోని కోడ్‌ను నడపదు కనుక ఆ ఆదేశం అక్కడ నిష్ప్రయోజనం. విండోస్‌కైతే రికవరీ కమాండ్ ప్రాంప్ట్‌లో ఈఎఫ్‌ఐ పార్టిషన్‌కు డ్రైవ్ అక్షరం ఇచ్చి, బీసీడీబూట్ అనే ఆదేశంతో బూట్ ఫైళ్ళను మళ్ళీ రాయించాలి. ఇక గ్రబ్ మెనూ వచ్చి, లినక్స్ ఎంచుకున్నాక తెర నల్లబడితే బూట్‌లోడర్ తన పని ముగించినట్టే. చాలాసార్లు చిక్కు గ్రాఫిక్స్ డ్రైవర్‌లో ఉంటుంది. మెనూలో ఇంగ్లిష్ 'e' అక్షరం నొక్కి, కెర్నల్ వరుస (linux అని మొదలయ్యే వరుస) చివర నోమోడ్‌సెట్ (nomodeset) అని చేర్చి బూట్ చేస్తే సాధారణంగా తెర వస్తుంది, ఆ తర్వాత సరైన డ్రైవర్ వేసుకోవచ్చు.