సర్పగంధ వేరు గాదెలను ఎలా ఖాళీ చేస్తుంది?

పెరట్లో సర్పగంధ ఉంటే పాములు రావంటారు, నిజమేనా అని పర్లాకిమిడి నుంచి ఒక పాఠకురాలు అడిగారు. నిజం కాదండీ. పాము కరిచినవారికి దీని వేరు నూరి పట్టిస్తూ కూర్చుంటే ప్రాణం మీదికి వస్తుంది. ఆ విషానికి విరుగుడు ఆసుపత్రిలో ఇచ్చే యాంటీవీనమే.

తూర్పు కనుమల వాలుల్లో చెట్ల నీడన మోకాలెత్తు పెరిగే పొద ఇది. కణుపు కణుపుకూ చుట్టూ మూడు నాలుగు ఆకులు. పూలు తెల్లన, వాటి కాడలు మాత్రం ఎర్రన. బడిలో 'రక్తపోటుకు మందు' అని ఒక్క ముక్క రాయించి వదిలేస్తారు. ఎలా తగ్గిస్తుందో చెప్పరు, పాఠంలో రుచంతా అక్కడే ఉంది!

నరం కొసన, రక్తనాళాలను బిగించే నారడ్రినలిన్ అనే రసాయనం బుల్లి సంచుల్లో నిల్వ ఉంటుంది. ఒక్కో సంచి ఒక గాదె అనుకోండి. అందులోకి ధాన్యం ఎత్తిపోసే కూలీ వీమ్యాట్-2 అనే ప్రోటీను. 1952లో స్విట్జర్లాండులో ఈ వేరులోంచి విడదీసిన రిసర్పిన్ ఆ కూలీ చేతులు కట్టేస్తుంది. గాదెలోంచి కారేది కారుతూనే ఉంటుంది, లోపలికి చేరేది ఉండదు. కింద పడిన గింజలను మోనోఅమైన్ ఆక్సిడేజ్ అనే ఎంజైము తినేస్తుంది. రక్తనాళాలను బిగించమని మెదడు కబురు పంపేసరికి గాదెలో గింజ ఉండదు. నాళాలు సడలి పోటు దిగుతుంది. ఆ కట్లు ఊడేవి కావు. నరకణంలో కొత్త గాదెలు తయారై కొసదాకా రావాలి. అందుకే మందు మానేసినా ప్రభావం రోజుల తరబడి నిలుస్తుంది.

మెదడులో మనసునూ కదలికలనూ నడిపే డోపమైన్, సెరటోనిన్ గాదెలను నింపేదీ ఆ కూలీయే. అందుకే సొంత వైద్యంగా ఈ వేరు వాడకూడదు. 1957లో స్వీడన్ శాస్త్రవేత్త ఆర్విడ్ కార్ల్‌సన్, రిసర్పిన్ వల్ల కదలిక ఉడిగిన కుందేళ్లకు, ఒంట్లో డోపమైన్‌గా మారే ఎల్-డోపా ఇస్తే అవి లేచి తిరిగాయి. పార్కిన్సన్ వ్యాధి చికిత్సకు దారి చూపింది ఆ ప్రయోగమే. ఆయనకు 2000లో నోబెల్ వచ్చింది.

ఇంత గొప్ప మందూ ఉన్నది వేరులో, అందులోనూ ఎక్కువగా వేరు బెరడులో. ఆకు కోస్తే మళ్లీ చిగురిస్తుంది, వేరు పెకలిస్తే మొక్కే పోతుంది. విత్తనాలా, సరిగా మొలవవు. కాయ పండకముందే తవ్వితే ఆ కాసిని విత్తనాలూ నేలకు దక్కవు. 1990 నుంచి దీని అంతర్జాతీయ వ్యాపారంపై సైటిస్ (అడవి మొక్కలు, జంతువుల వ్యాపారంపై దేశాల ఒప్పందం) నియంత్రణ ఉంది. వేరు ముక్కలు నాటి పొలంలోనే పెంచుకోవచ్చు. కావలసిన వేరు అక్కడినుంచే రావాలి, కొండ మీదినుంచి కాదు.