బజ్జీల నూనెతో పికప్ బండి నడవాలంటే

రాత్రి కొట్టు కట్టేసే వేళకి బజ్జీల మూకుడులో మిగిలిన నూనె చూడండి. నల్లగా, జిగటగా ఉంటుంది. దీన్ని అలాగే పికప్ బండి ట్యాంకులో పోస్తే నడవదా అని చాలామంది అడుగుతారు. కొన్నాళ్లు నడుస్తుంది. 1900లో పారిస్ ప్రదర్శనలో ఒక చిన్న డీజిల్ ఇంజన్‌ని వేరుశనగ నూనెతోనే నడిపించారు. కాకపోతే వంటనూనె డీజిల్ కన్నా దాదాపు పది రెట్లు చిక్కన. ఇంజన్‌లోకి ఇంధనం చిమ్మే ఇప్పటి ఇంజెక్టర్ల రంధ్రాలేమో వెంట్రుకంత సన్నం. నూనె మెత్తటి తుంపరగా మారక, సగం సగం కాలి, ఇంజెక్టర్ మొనకీ పిస్టన్ రింగులకీ మసిబంకలా పట్టేస్తుంది.

ఆ చిక్కదనాన్ని విరగ్గొట్టడమే బయోడీజిల్ తయారీ. నూనె అణువులో ఒక గ్లిజరిన్‌కి మూడు పొడవాటి కొవ్వు ఆమ్లాల గొలుసులు అతుక్కుని ఉంటాయి. కాస్టిక్ సోడా కరిగించిన మిథనాల్ కలిపితే ఆ గొలుసులు గ్లిజరిన్‌ని వదిలేసి తలా ఒక మిథనాల్‌ని పట్టుకుంటాయి. ఒక్క పెద్ద అణువు మూడు చిన్న అణువులవుతుంది. ప్రయోగశాలలో లీటరు కొత్త నూనెకి సుమారు 200 మిల్లీలీటర్ల మిథనాల్, మూడున్నర గ్రాముల సోడా వాడతారు. 55 డిగ్రీల వేడిలో గంటసేపు కలిపి వదిలేస్తే, తెల్లారేసరికి అడుగున బెల్లంపాకం రంగులో గ్లిజరిన్, పైన తేటగా తేనెరంగు బయోడీజిల్. నాకు ఎన్నిసార్లు చూసినా తనివి తీరని దృశ్యం అది.

వాడిన నూనెతో ఇంత తేలిక కాదు. వేపుడు వేడికి, తడికి కొన్ని గొలుసులు ముందే విడిపోయి ఉంటాయి. సోడా వాటితో కలిస్తే సబ్బు అవుతుంది. అందుకే ముందు నీరు పోయేదాకా కాచి, ఎంత సోడా అదనంగా కావాలో చుక్కల లెక్కన పరీక్షించాలి. మిథనాల్ కళ్లు పోగొట్టే విషం, ప్రాణాలూ తీస్తుంది. దాని మంట పగటి వెలుగులో సరిగ్గా కనిపించను కూడా కనిపించదు. ఇంట్లో మాత్రం ఈ పని పెట్టుకోవద్దు. కాకినాడలో 2008 నుంచి పెద్ద బయోడీజిల్ ప్లాంటే ఉంది. 2030 నాటికి డీజిల్‌లో 5 శాతం బయోడీజిల్ కలపాలన్నది 2018 జాతీయ జీవ ఇంధన విధానం పెట్టుకున్న లక్ష్యం.

పాత పికప్‌లో మొదటిసారి ఎక్కువ పాళ్లలో బయోడీజిల్ పోస్తే ముందు మూసుకుపోయేది ఫిల్టరే. తప్పు కొత్త ఇంధనంలో ఉండదు. ట్యాంకులో ఏళ్ల తరబడి పేరుకున్న మడ్డిని అది కడిగి తెస్తుంది. కాబట్టి చేతిలో ఒక కొత్త ఫిల్టర్ ఉంచుకోవాలి. పాత రబ్బరు పైపులు మెత్తబడుతున్నాయేమో కూడా చూసుకోవాలి.

2020 తర్వాత వచ్చిన బీఎస్6 (పొగ కాలుష్యానికి కొత్త ప్రమాణం) బండ్లకి ఇంకో చిక్కుంది. పొగగొట్టంలో మసి ఫిల్టర్‌ని శుభ్రం చేయడానికి చాలా ఇంజన్లు సిలిండర్‌లోకి ఆలస్యంగా మరికాస్త ఇంధనం చిమ్ముతాయి. డీజిల్ అయితే చాలావరకు ఆవిరై బయటికి పోతుంది. బయోడీజిల్ అంత తేలిగ్గా ఆవిరి కాదు, సిలిండర్ గోడల వెంట జారి ఇంజన్ ఆయిల్‌లో కలుస్తుంది. అందుకే కంపెనీ మాన్యువల్ ఒప్పుకున్న పాళ్లు దాటొద్దు. వారానికోసారి డిప్‌స్టిక్ తీసి చూడండి. ఆయిల్ మట్టం తగ్గాల్సింది పోయి పెరుగుతుంటే, బండి ఆపి ముందు ఆయిల్ మార్పించండి.