దిగకముందే తెలిసిన లోతు: అఫ్ఘానిస్థాన్‌లో సోవియట్ యుద్ధం

1979 మార్చిలో హెరాత్ నగరం తిరగబడింది. కాబూల్‌లో గద్దెనెక్కి ఏడాది కూడా నిండని కమ్యూనిస్టు ప్రభుత్వం మీద జనం లేచారు. అక్కడి సైనిక డివిజన్‌లోని సిపాయిలు కూడా వాళ్లతో కలిసిపోయారు. దిక్కుతోచని అధ్యక్షుడు నూర్ మహమ్మద్ తరాకీ, సైన్యం పంపమని సోవియట్ ప్రధాని అలెక్సీ కొసిగిన్‌ను ఫోనులో ప్రాధేయపడ్డారు. తాజిక్, ఉజ్బెక్, తుర్క్‌మెన్ సైనికులకు అఫ్ఘాన్ దుస్తులు తొడిగి పంపితే ఎవరూ గుర్తుపట్టరన్నారు. అది దాగే విషయం కాదని, రెండు గంటల్లో ప్రపంచమంతటికీ తెలిసిపోతుందని కొసిగిన్ బదులిచ్చారు.

ఆ రోజుల్లో మాస్కోలో సోవియట్ కమ్యూనిస్టు పార్టీ అగ్రనాయకుల మండలి పొలిట్‌బ్యూరో జరిపిన చర్చల రికార్డులు సోవియట్ యూనియన్ కూలిపోయాక బయటికొచ్చాయి. వాటిని చదువుతుంటే గుండె బరువెక్కుతుంది. మన తుపాకుల బలంతోనే ఆ విప్లవాన్ని నిలబెట్టాల్సి వస్తుంది, అది తగదు అన్నారు గూఢచార సంస్థ కేజీబీ అధిపతి అంద్రొపోవ్. మన సైన్యం దురాక్రమణదారు అవుతుంది, అమెరికాతో ఇన్నేళ్లుగా కూడగట్టుకున్న సయోధ్య మట్టిలో కలుస్తుంది అన్నారు విదేశాంగ మంత్రి గ్రొమీకో. దిగితే గాని లోతు తెలియదంటారు. వీళ్లకు దిగకముందే తెలుసు. మరి తొమ్మిది నెలల్లో ఏం మారింది?

అఫ్ఘాన్ పల్లెల్లో పరిస్థితి మెరుగుపడలేదు. 1978 ఏప్రిల్ తిరుగుబాటుతో అధికారం పట్టిన పార్టీ ఖల్క్, పర్చమ్ అనే రెండు ముఠాలుగా చీలి తనలో తాను కొట్టుకుంటోంది. భూసంస్కరణలను రైతు మనసు ఎరగకుండా పైనుంచి రుద్దింది, ఎదురు చెప్పినవారిని జైళ్లలో కుక్కి చంపింది. సెప్టెంబరులో తరాకీని సహచరుడు హఫీజుల్లా అమీన్ గద్దె దించి, అక్టోబరులో చంపించాడు. కొన్ని వారాల ముందే తరాకీని మాస్కోలో ఆదరించి పంపిన సోవియట్ అధినేత బ్రెజ్నెవ్‌ను ఈ హత్య కలచివేసింది. అమీన్ అమెరికా వైపు మొగ్గుతున్నాడన్న అనుమానమూ పెరిగింది. డిసెంబరు 12న ఐరోపాలో కొత్త క్షిపణులు మోహరించాలని నాటో నిర్ణయించింది. మాస్కోలో అఫ్ఘానిస్థాన్ మీద తీర్మానం కూడా అదే రోజు జరిగింది. దాన్ని పొలిట్‌బ్యూరో సభ్యుడు చెర్నెంకో చేత్తో రాశారు. అందులో దేశం పేరు లేదు, ‘ఎ’ అనే ఒక్క అక్షరం ఉంది. కొసిగిన్ ఆ సమావేశంలో లేరు. సైనిక దళాల ప్రధానాధికారి ఒగార్కోవ్ అంతకుముందే వద్దన్నారు. వినలేదు.

డిసెంబరు 25న సోవియట్ దళాలు సరిహద్దు నది అమూ దర్యా దాటాయి. 27 రాత్రి కాబూల్‌లో అతడున్న తాజ్‌బెగ్ భవనం మీద సోవియట్ దళాలు చేసిన దాడిలో అమీన్ చనిపోయాడు. సోవియట్ సైన్యం పంపమని పదే పదే అడిగినవాళ్లలో అతడూ ఒకడు. అతడి స్థానంలో పర్చమ్ నాయకుడు బబ్రక్ కర్మాల్‌ను కూర్చోబెట్టారు. 1980 జనవరిలో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభలో 104 దేశాలు ఈ చర్యను ఖండించాయి. భారత్ ఓటు వేయకుండా తప్పుకుంది. మిత్రదేశాన్ని నొప్పించకూడదన్న లెక్క అర్థమవుతుంది గాని, వలస పాలనను అనుభవించిన మన దేశం ఆ రోజు మౌనంగా ఉండడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఆ తర్వాత తొమ్మిదేళ్లు పోరు సాగింది. లక్షకు పైగా సోవియట్ సైనికులు నగరాలనూ రహదారులనూ కాపలా కాశారు, కొండలు మాత్రం వారితో పోరాడిన అఫ్ఘాన్ తిరుగుబాటుదారులు ముజాహిదీన్ల చేతుల్లోనే ఉండిపోయాయి. ముజాహిదీన్ నాయకుడు అహ్మద్ షా మసూద్ స్థావరమైన పంజ్‌షీర్ లోయ మీద సోవియట్ సైన్యం మళ్లీ మళ్లీ దండెత్తి, గెలిచిన ప్రతిసారీ వదిలి రావాల్సి వచ్చింది. అమెరికా, సౌదీ అరేబియా డబ్బు, ఆయుధాలు పాకిస్థాన్ ఐఎస్ఐ ద్వారా ముజాహిదీన్లకు చేరేవి. 1986 నుంచి విమానాలను, హెలికాప్టర్లను కూల్చే స్టింగర్ క్షిపణులు కూడా చేరాయి. యాభై లక్షల మందికి పైగా అఫ్ఘాన్లు పాకిస్థాన్, ఇరాన్‌లకు వలసపోయారు.

సోవియట్ ఊళ్లకు జింకు శవపేటికలు వచ్చేవి. 1981 జులైలో పొలిట్‌బ్యూరో ముందుకు మృతుల సమాధి రాళ్ల విషయం వచ్చింది. ఒక్కో రాయికి 1,000 రూబుళ్లు ఇద్దామన్నది ప్రతిపాదన. ఒకే శ్మశానంలో అలాంటివి కొన్ని పోగైతే బాగుండదని, రాళ్ల మీద అఫ్ఘానిస్థాన్ పేరు రాయడం సరికాదన్న అభిప్రాయాన్ని పొలిట్‌బ్యూరో సభ్యుడు సుస్లోవ్ వినిపించారు. పంతొమ్మిదేళ్ల కొడుకును పోగొట్టుకున్న తల్లికి, వాడు ఎక్కడ చనిపోయాడో రాతి మీద చెక్కించుకునే హక్కు కూడా మిగలలేదు.

కొత్త సోవియట్ నాయకుడు గోర్బచేవ్ 1986 ఫిబ్రవరిలో ఈ యుద్ధాన్ని నెత్తురోడే గాయమన్నారు. ఆ నవంబరులో మార్షల్ అఖ్రొమేయెవ్ పొలిట్‌బ్యూరోకు ఉన్నమాట చెప్పారు: సోవియట్ సైనికుడు అడుగుపెట్టని జాగా ఆ దేశంలో లేదు, అయినా ఎక్కువ భాగం తిరుగుబాటుదారుల చేతుల్లోనే ఉంది. అయినా బయటపడడానికి ఇంకో రెండేళ్లు పైనే పట్టింది. సైన్యం వెనక్కి వెళ్లేందుకు జెనీవా ఒప్పందాలు 1988 ఏప్రిల్‌లో కుదిరాయి. 1989 ఫిబ్రవరి 15న సోవియట్ దళాల అధిపతి జనరల్ బొరీస్ గ్రొమోవ్ సరిహద్దులోని తెర్మెజ్ వంతెన దాటి వెనక్కి వెళ్లిపోయారు. కర్మాల్ స్థానంలో వచ్చిన నజీబుల్లా, మాస్కో సాయం అందినంత కాలం నిలబడి, అది ఆగాక 1992 ఏప్రిల్‌లో పడిపోయారు. మృతుల్లో సోవియట్ సైనికులు దాదాపు 15 వేల మంది. అఫ్ఘాన్లు లక్షల్లో ఉన్నారు.

సైన్యం పంపిన నిర్ణయం నైతికంగా, రాజకీయంగా ఖండనీయమని 1989 డిసెంబరులో సోవియట్ ప్రజాప్రతినిధుల మహాసభ తీర్మానించింది. బ్రెజ్నెవ్, రక్షణ మంత్రి ఉస్తినోవ్, అంద్రొపోవ్, గ్రొమీకో కలిసి తీసుకున్న నిర్ణయమని సభకు నివేదించారు. అప్పటికి ఆ నలుగురిలో ఒక్కరూ బతికిలేరు.