పిడబ్ల్యూఎం ఉంటే రెసిస్టర్ అక్కర్లేదా?

ఫిబ్రవరి వచ్చిందంటే నెల్లూరులో మా షాపుకు డిప్లొమా, బీటెక్ పిల్లలు ప్రాజెక్టు బోర్డులు పట్టుకుని వస్తారు. ఎల్ఈడీ వెలుతురు తగ్గించడానికి పిడబ్ల్యూఎం వాడతారు, అంటే పిన్‌ను చాలా వేగంగా ఆన్, ఆఫ్ చేయడం. ఒక్కో సైకిల్‌లో ఆన్‌లో ఉండే భాగమే డ్యూటీ. ఏటా వినే మాట ఒకటుంది: "డ్యూటీ 20 శాతమే ఇస్తున్నాం అన్నా. అంటే 1 వోల్టే కదా. ఇంక రెసిస్టర్ ఎందుకు?"

ఇది తప్పు. ఈ ఒక్క తప్పుతోనే బోర్డులు పోతున్నాయి.

పిడబ్ల్యూఎం వోల్టేజీని తగ్గించదు. ఆర్డుయినో ఊనో బోర్డు పిన్ మీద ఉండేది అయితే 5 వోల్టులు, లేదంటే సున్నా. 20 శాతం డ్యూటీ అంటే ప్రతి సైకిల్‌లో ఐదో వంతు సేపు పూర్తి 5 వోల్టులు. రెసిస్టర్ లేకపోతే ఆ కాసేపట్లోనే ఎల్ఈడీ పిన్ ఇవ్వగలిగినంతా లాగేస్తుంది. ఊనోలో ఉండే ఏటీమెగా328పీ చిప్‌లో ఒక్కో పిన్ దాటకూడని హద్దు 40 మిల్లీఆంప్స్, 20 లోపు ఉంచుకుంటే మంచిది. 220 ఓమ్స్ పెడితే ఎర్ర ఎల్ఈడీకి 13, 14 మిల్లీఆంప్స్ వస్తుంది. చాలు.

"మీటర్ పెట్టి చూశాం, 1 వోల్టే చూపించింది" అంటారు. నిజమే, చూపిస్తుంది. డీసీ రేంజిలో మీటర్ చెప్పేది సగటు. ఎర్ర ఎల్ఈడీ సరిగ్గా వెలగాలంటే దాదాపు 1.8 వోల్టులు కావాలి. అక్కడ నిజంగా 1 వోల్టే ఉంటే అది వెలగనే కూడదు. మరి మీ కళ్ల ముందే వెలుగుతోంది కదా!

సాఫ్ట్‌వేర్ పిడబ్ల్యూఎంలో ఇంకో ప్రమాదం ఉంది. చిప్‌లోని హార్డ్‌వేర్ టైమర్ అయితే మన కోడ్ లూప్ ఎక్కడ ఆగినా తన పని తాను చేసుకుపోతుంది. పిన్‌ను మన లూపే ఆన్, ఆఫ్ చేస్తుంటే, సెన్సర్ జవాబు కోసం అది ఆగిన క్షణాన ఆన్‌లో ఉన్న పిన్ ఆన్‌లోనే ఉండిపోతుంది. 20 శాతం కాస్తా నూరు శాతం అవుతుంది.

పోయినేడు ఆత్మకూరు వైపు నుంచి ఒక అబ్బాయి వచ్చాడు. తెల్లారితే వైవా. ఎనిమిది ఎల్ఈడీలు, ఒక్క రెసిస్టర్ లేదు, మూడు పిన్నులు పోయాయి. టెన్షన్‌తో చేతులు వణుకుతున్నాయి. ఖాళీగా ఉన్న పిన్నులకు వైర్లు మార్చి, అన్నిటికీ రెసిస్టర్లు వేసి, రాత్రి పదింటికి పంపాను. కోడ్ సొంతంగా రాసుకున్నాడు, చక్కగా రాశాడు. ఎవరో వీడియోలో చెప్పిన మాట నమ్మి రూపాయి రెసిస్టర్ దగ్గర దెబ్బతిన్నాడు. నా బాధంతా అదే.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. ఊనోలో 3, 5, 6, 9, 10, 11 పిన్నుల మీదే వెలుతురు తగ్గించగలమన్నది హార్డ్‌వేర్ మాట. సాఫ్ట్‌వేర్‌తో ఏ డిజిటల్ పిన్ మీదైనా చేయొచ్చు. ఎల్ఈడీ మిణుకుమంటుంటే అది నాసిరకమని మార్చకండి, ముందు కోడ్‌లో డిలేలు తీసేసి టైమర్ ఇంటరప్ట్ (లెక్క ప్రకారం ప్రతిసారీ చిప్ చేస్తున్న పని ఆపి మన చిన్న కోడ్‌ను నడిపించేది) పెట్టండి. వెలుతురులో 100 మెట్లు, సెకనుకు 100 సైకిళ్లు కావాలంటే ప్రతి 100 మైక్రోసెకన్లకు ఒక ఇంటరప్ట్. 16 మెగాహెర్ట్జ్ చిప్‌కు అది బరువేం కాదు. ఆన్, ఆఫ్ చేస్తే ఎల్ఈడీ ఆయుష్షు తగ్గుతుందనే భయం వద్దు, కరెంటు హద్దులో ఉంటే చాలు.

50 శాతం డ్యూటీ కంటికి సగం వెలుతురులా ఉండదు, అంతకన్నా బాగా ఎక్కువగా కనిపిస్తుంది. మా ఊరి తిరునాళ్ల లైటింగ్ బోర్డులో మొదట సమానమైన మెట్లు పెడితే దీపాలు ఒక్కసారిగా పైకి లేచినట్టుండేవి. కింది మెట్లు దగ్గరగా, పై మెట్లు ఎడంగా ఉండేలా 32 విలువల టేబుల్ రాశాకే వెలుతురు మెల్లగా పెరగడం కనిపించింది.