అట్లాంటిస్‌ను వెతికేవాళ్ల లెక్క ఎక్కడ తప్పుతుంది?

సముద్రంలో మునిగిపోయిందని చెప్పే ద్వీపరాజ్యం అట్లాంటిస్ జాడ దొరికిందని ఎవరన్నా ముందు కొలతలు అడగాలి. ఈ కథకు మూలం గ్రీకు తత్వవేత్త ప్లేటో ఒక్కడే. క్రీ.పూ. 360 ప్రాంతంలో రాసిన ‘టిమేయస్’, ‘క్రిటియాస్’ సంభాషణల్లో తప్ప అంతకుముందు ఎక్కడా దీని ఊసు లేదు. రాజధాని కొలతలు మాత్రం ఆయన పూసగుచ్చినట్టు ఇచ్చాడు: నడుమ 5 స్టేడియాల (స్టేడియం అంటే గ్రీకుల దూరపు కొలత) ద్వీపం, దాని చుట్టూ వరసగా 1 నీరు, 2 నేల, 2 నీరు, 3 నేల, 3 నీరు. వలయాలు రెండు పక్కలా ఉంటాయి కనుక మొత్తం అడ్డుకొలత 27 స్టేడియాలు. ఒక్కోటి సుమారు 185 మీటర్లు, అంటే దాదాపు 5 కిలోమీటర్లు.

అట్లాంటిస్ ఇదేనంటూ యూట్యూబ్‌లో తెగ తిరిగే ‘సహారా కన్ను’, అదే మారిటేనియాలోని రిచాట్ అనే వలయాకారపు నేల, ఇక్కడే ఆగిపోతుంది. దాని అడ్డుకొలత 40 కిలోమీటర్లు, ఎత్తు సముద్రమట్టానికి 400 మీటర్లు. ప్లేటో చెప్పిన క్రీ.పూ. 9600 నాటికి సముద్రం ఇప్పటికన్నా 50 మీటర్లకు పైగా కిందనే ఉంది. ఆ వలయాలు కాలువలు కావు. గుమ్మటంలా ఉబ్బిన రాతి పొరల్లో మెత్తనివి అరిగి పల్లాలయ్యాయి, గట్టివి గట్లుగా మిగిలాయి.

గ్రీసులోని శాంటోరిని (థేరా) ద్వీపమే అట్లాంటిస్ అన్న వాదం అంత తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. అగ్నిపర్వతం పేలి ద్వీపం నడిభాగం కుంగిపోయింది. 1967లో పురావస్తు శాస్త్రవేత్త స్పిరిడాన్ మరినాటోస్ తవ్వకాల్లో బూడిద కింద అక్రోతిరి పట్టణం బయటపడింది: మేడలు, గోడల మీద రంగుల చిత్రాలు, మురుగు కాలువలు. మనుషుల అస్థిపంజరాలు మాత్రం లేవు. ముందొచ్చిన భూకంపాలకే జనం ఊరు వదిలి ఉంటారు.

ఆ పేలుడు కాలం ప్లేటో లెక్కతో కుదరడానికి గ్రీకు భూకంప శాస్త్రవేత్త గలనోపులోస్ ఒక ఉపాయం చెప్పాడు: ఈజిప్టు అంకెల్లో 100ను 1000గా చదివారు, కనుక అన్నీ పదో వంతు చెయ్యండి అని. ఈజిప్టు పూజారుల దగ్గర ఈ కథ విన్నాడని ప్లేటో చెప్పిన ఏథెన్స్ నేత సోలోన్‌కు 9000 ఏళ్ల ముందు అన్నది 900 అవుతుంది, క్రీ.పూ. 1490 ప్రాంతం వస్తుంది. కానీ ఆ లిపిలో వంద తాడు చుట్ట, వెయ్యి తామర మొక్క. పొరబడేంత పోలిక లేదు. పైగా బూడిదలో కప్పబడిపోయిన ఆలివ్ కొమ్మకు రేడియో కార్బన్ పరీక్ష చేస్తే క్రీ.పూ. 1627–1600 మధ్య అని తేలింది. నగరం చుట్టూ ఉందని ప్లేటో చెప్పిన మైదానం కొలతను పదో వంతు చేసి, ద్వీపం సైజుకు సరిపోయిన నగరం కొలతను ముట్టుకోకపోవడం మరీ విడ్డూరం.

ప్లేటో కథకు ప్రేరణ ఏదై ఉంటుందంటే, నా మటుకు నాకు హెలికే అనే గ్రీకు నగరం ముఖ్యం. క్రీ.పూ. 373లో, ప్లేటో బతికుండగానే, కొరింథ్ సింధుశాఖ ఒడ్డున ఈ నగరం ఒక్క రాత్రిలో భూకంపానికి, అలలకు మునిగిపోయింది. దాని శిథిలాల కోసం చాలాకాలం సముద్రంలో గాలించారు. 2001లో దొరికినవి పొడినేల కింద, పాత ఉప్పునీటి మడుగు పూడికలో.