ఖరీదైన తీరంలో ఉండటం లాభమా, నష్టమా? బే ఏరియా తెలుగువారి అపోహలు, వాస్తవాలు

ఫిబ్రవరి మొదలుకొని ఏప్రిల్ 15 వరకు కాలిఫోర్నియాలో, శాన్ ఫ్రాన్సిస్కో బే ఏరియాకు చెందిన ఫ్రీమాంట్‌లోని నా చిన్న ఆఫీసుకు ట్యాక్స్ ఫైలింగ్ కోసం వచ్చే తెలుగు కుటుంబాల్లో చాలామంది, కాగితాలన్నీ ఇచ్చేసి లేవబోతూ ఒకే ప్రశ్న అడుగుతారు: "ఇంత ఖరీదైన చోట మేం ఉండటం సరైన పనేనా?" పదిహేనేళ్లకు పైగా ఈ ప్రశ్న వింటున్నాను. నేను ఇళ్లు అమ్మను, అప్పులు ఇప్పించను. ఎవరు కొన్నా, ఎవరు మానుకున్నా నా ఫీజు మారదు. ఏటేటా వారి రిటర్నులు చూస్తాను కాబట్టి ఎవరికి మిగిలింది, ఎవరికి తరిగింది అనేది మాత్రం నాకు తెలుస్తుంది.

ఆ ప్రశ్నలో నిజానికి రెండు ప్రశ్నలు కలిసిపోయి ఉంటాయి. ఇక్కడ ఉండటం లాభమా అన్నది ఒకటి, ఇక్కడ ఇల్లు కొనడం లాభమా అన్నది వేరొకటి. ఈ రెంటినీ విడదీయకపోవడం వల్ల మనవాళ్లు పోగొట్టుకున్నంత డబ్బు మరే పొరపాటు వల్లా పోగొట్టుకోలేదని నా నమ్మకం.

అపోహ: అద్దె కట్టడం బూడిదలో పోసిన పన్నీరు, మార్ట్‌గేజ్ (ఇంటి అప్పు) కడితే ఆ డబ్బు మనకే మిగులుతుంది.

నిరుడు ఒక దంపతులు వచ్చారు. ఇద్దరూ హెచ్-1బి ఉద్యోగ వీసా మీద ఉన్నారు, ఇద్దరి జీతాలూ కలిపి 3 లక్షల డాలర్లు. "అక్కా, మూడేళ్లలో అద్దెకే లక్షన్నర డాలర్లకు పైగా ధారపోశాం. ఇంట్లో అమ్మావాళ్లు ఫోన్ చేసిన ప్రతిసారీ అదే మాట అంటున్నారు" అని ఆ అమ్మాయి కళ్లనీళ్లు పెట్టుకుంది. వారి అద్దె నెలకు 4,400 డాలర్లు. పక్క వీధిలో అలాంటి ఇల్లే 16 లక్షల డాలర్లకు అమ్మకానికి ఉంది. 20 శాతం డౌన్ పేమెంట్, అంటే 3,20,000 డాలర్లు, పాపాయి చదువు కోసం దాచిన దానితో సహా సర్దగలమని అన్నారు.

నేను ఒక తెల్ల కాగితం తీసుకుని వారి ముందే లెక్క వేశాను. మిగిలిన 12,80,000 డాలర్ల అప్పు 6.5 శాతం వడ్డీకి, 30 ఏళ్లకు తీసుకుంటే నెల కిస్తు దాదాపు 8,090 డాలర్లు. మొదటి నెల కిస్తులో వడ్డీ 6,930, అసలుకు జమయ్యేది 1,160 మాత్రమే. ప్రాపర్టీ ట్యాక్స్ 1.2 శాతం చొప్పున నెలకు 1,600, ఇన్సూరెన్స్ 200, పైకప్పు, వాటర్ హీటర్ వంటి మరమ్మతులకు సగటున 1,000 వేసుకుంటే, వడ్డీతో కలిపి నెలకు 9,700 డాలర్లకు పైగా తిరిగిరాని ఖర్చు తేలింది. అద్దె 4,400 వృథా అయితే ఈ 9,700ను ఏమనాలి? బ్యాంకుకు కట్టే వడ్డీ కూడా అద్దే, డబ్బుకు కట్టే అద్దె. అది మార్ట్‌గేజ్ కిస్తులో కలిసి వెళ్లడం వల్ల మన కంటికి కనిపించదు.

"కానీ వడ్డీ అంతా ట్యాక్స్‌లో తిరిగొస్తుంది కదండీ" అని ఆ అబ్బాయి అడిగాడు. ఈ మాట ఎవరు పుట్టించారో గాని, దీన్ని విన్నప్పుడల్లా నాకు ఓపిక నశిస్తుంది. 2017 డిసెంబర్ 15 తర్వాత తీసుకున్న అప్పుల్లో మొదటి 7,50,000 డాలర్ల మీది వడ్డీకే ఫెడరల్ (కేంద్ర) పన్నులో మినహాయింపు ఉంది. వారి విషయంలో తొలి ఏడాది వడ్డీ దాదాపు 82,800 అయితే, లెక్కలోకి వచ్చేది 48,500. రాష్ట్ర పన్నులకు, ప్రాపర్టీ ట్యాక్స్‌కు కలిపి ఉన్న 10,000 డాలర్ల మినహాయింపు పరిమితి 2025 నుంచి 40,000కు పెరిగిన మాట నిజమే, 5 లక్షల ఆదాయం దాటిన వారికి అది తగ్గుతూ పోతుంది. అయితే ఇల్లు లేకపోయినా దంపతులకు 2025లో 31,500 డాలర్ల స్టాండర్డ్ డిడక్షన్ (ఖర్చులు చూపకుండానే దొరికే మినహాయింపు) ఎలాగూ వస్తుంది కాబట్టి, దానికి పైన ఉన్న మొత్తమే ఇల్లు తెచ్చిపెట్టిన లాభం. కాలిఫోర్నియా రాష్ట్రం 10 లక్షల అప్పు వరకు వడ్డీని ఒప్పుకుంటుంది. అన్నీ కలిపి చూస్తే వారికి ఏడాదికి మిగిలే పన్ను 20,000 డాలర్లకు కొంచెం తక్కువ. వడ్డీకి, ప్రాపర్టీ ట్యాక్స్‌కు కలిపి ఖర్చయ్యేది లక్షా 2 వేలు. ఐదో వంతు కూడా తిరిగి రాదు.

పన్ను ఆదాను తీసివేసి, డౌన్ పేమెంట్ మరోచోట 4 శాతం సంపాదించగలదని అనుకుంటే, ఆ ఇంటి ధర ఏటా దాదాపు మూడున్నర శాతం పెరిగితేనే కొనడం అద్దెతో సమానమవుతుంది, అది కూడా అమ్మేటప్పుడు పోయే 5, 6 శాతం ఖర్చులను లెక్కించకుండా. మూడున్నర శాతం పెరగదని నేను అనను. 2012లో కొన్నవారు, 2021లో 3 శాతం లోపు వడ్డీకి అప్పు దొరికించుకున్నవారు బాగుపడ్డారు, వారి రిటర్నులు నేనే ఫైల్ చేశాను. వారి లెక్క వేరు, ఈనాడు కొనేవారి లెక్క వేరు. పదేళ్లు కదలకుండా ఉండగలిగి, ఒక జీతం ఆగినా ఆరు నెలలు నెట్టుకురాగలిగే కుటుంబం కొనుక్కుంటే నేను వద్దనను. అద్దె కడుతున్నామన్న సిగ్గుతో మాత్రం ఎవరూ కొనకూడదు.

అపోహ: బే ఏరియాలో ధరలు ఎన్నటికీ పడవు.

ఇది నా సొంత గాయం. 2006లో తీరానికి దగ్గరలో కొనలేక, ఆల్టమాంట్ కనుమ దాటి మౌంటెన్ హౌస్ అనే ఊళ్లో 6,20,000 డాలర్లకు ఇల్లు కొన్నాం. 2008 చివరికి అప్పుకంటే ఇంటి విలువ తగ్గిపోయిన ఇళ్ల శాతంలో ఆ ఊరు దేశంలోనే మొదటి స్థానంలో నిలిచింది. దాదాపు 90 శాతం ఇళ్లది అదే పరిస్థితి. మా వరుసలో ఖాళీ అయిన ఇంటి ముందు లాన్ ఎండిపోయి, తలుపుకు అంటించిన నోటీసు గాలికి రెపరెపలాడుతుంటే, మావారు ఉదయం ఐదింటికి ఆ పక్కనుంచే కారు తీసేవారు. మా ఇద్దరి ఉద్యోగాలూ నిలిచాయి కాబట్టి మేము ఆ ఇంట్లోనే ఉండగలిగాం. ధరలు తర్వాత కోలుకున్నాయి, కానీ మధ్యలో ఉద్యోగం పోయిన వారికి ఆ కోలుకోవడం అందలేదు.

వీసా మీద ఉన్నవారికి ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. హెచ్-1బి వారు ఇల్లు కొనకూడదన్న మాట పుకారు మాత్రమే, నిరభ్యంతరంగా కొనవచ్చు. అయితే ఉద్యోగం పోతే మరో యజమాని పిటిషన్ వేయడానికి గరిష్ఠంగా 60 రోజులే గడువు ఉంటుంది. ఆ గడువులో 16 లక్షల ఇల్లు మంచి ధరకు అమ్మడం ఎంత కష్టమో 2023 లేఆఫ్‌లలో దగ్గరగా చూశాను. ఆ స్థితిలో ఉన్నవారికి ఒక మాట చెప్పాలి. గత ఐదేళ్లలో రెండేళ్లు ఆ ఇంట్లో నివసించి ఉంటే దంపతులకు 5 లక్షల డాలర్ల లాభం వరకు పన్ను ఉండదని అందరికీ తెలుసు. ఉద్యోగం కోసం దూరం వెళ్లవలసి వచ్చి రెండేళ్లు నిండకుండా అమ్మినా, నివసించిన కాలాన్ని బట్టి ఆ మినహాయింపులో కొంత భాగం దక్కవచ్చు. భయపడి ఆ లాభం మీద మొత్తం పన్ను కట్టేయకండి.

అపోహ: అమ్మినాయన ప్రాపర్టీ ట్యాక్స్ ఎంత కడుతున్నాడో మనకూ అంతే.

1978 నాటి ప్రొపొజిషన్ 13 అనే కాలిఫోర్నియా చట్టం వల్ల పన్నుకు ఆధారమైన విలువ ఏటా 2 శాతానికి మించి పెరగదు, ఇల్లు చేతులు మారినప్పుడు మాత్రం మార్కెట్ ధరకు ఎగబాకుతుంది. 1995లో 3 లక్షలకు కొన్నాయన ఇప్పుడు 6,500 కడుతుంటే, పక్కనే 16 లక్షలకు కొన్న మీకు 19,200 పడుతుంది. పైగా ఆ తేడాకు కౌంటీ (జిల్లా లాంటి పాలనా విభాగం) నుంచి సప్లిమెంటల్, అంటే అదనపు బిల్లు విడిగా వస్తుంది. దాన్ని సాధారణంగా బ్యాంకు మీ ఇంపౌండ్ ఖాతాలోంచి (పన్ను, ఇన్సూరెన్స్ కోసం కిస్తుతో పాటు జమ చేయించుకునే ఖాతా) కట్టదు. జనవరి నుంచి మే నెలాఖరు లోపు కొంటే అలాంటివి రెండు రావచ్చు. ప్రకటనల కాగితమనుకుని విప్పకుండా పక్కన పడేసిన కవరును, జరిమానా పడ్డాక నా దగ్గరికి తెచ్చిన వారు ఎందరో ఉన్నారు.

మిగిలినవి క్లుప్తంగా చెబుతాను. అద్దె ఇష్టమొచ్చినంత పెంచుతారని భయపడేవారు తమ ఇంటి రకం చూసుకోవాలి: 2020 నుంచి, 15 ఏళ్లు దాటిన అపార్ట్‌మెంట్లకు ఏటా పెంపు 10 శాతానికి మించకూడదు, వ్యక్తుల సొంతమైన విడి ఇళ్లకు ఈ రక్షణ చాలావరకు వర్తించదు. మామూలు ఇంటి ఇన్సూరెన్స్ భూకంప నష్టాన్ని భరించదు, దానికి వేరే పాలసీ తీసుకోవాలి. టెక్సస్‌లో ఆదాయపు పన్ను లేదు, అయితే చాలా కంపెనీలు అక్కడికి మారితే జీతం తగ్గిస్తాయి, అక్కడి ప్రాపర్టీ ట్యాక్స్ రేటు సాధారణంగా ఇక్కడికంటే ఎక్కువ ఉంటుంది. కంపెనీ ఇచ్చే కొత్త జీతం ఎంతో కాగితం మీద చూడకుండా ఆ పోలిక చేయవద్దు.

ఆ దంపతులకు ఒక పని చెప్పి పంపాను. ఇల్లు కొన్నట్టే భావించి, అద్దెకు, ఇంటి మొత్తం ఖర్చుకు మధ్య ఉన్న 6,500 డాలర్ల తేడాను ఆరు నెలలపాటు ప్రతి నెలా ఒకటో తేదీన వేరే ఖాతాలో వేయమన్నాను. మూడు నెలలకే ఫోన్ చేశారు. రెండో నెల ఊరికి టికెట్లు కొనడానికి అందులోంచి 4,000 తీయవలసి వచ్చిందట. అద్దె ఒప్పందం మరో ఏడాదికి పొడిగించుకున్నారు, పాపాయి చదువు డబ్బు కదల్చలేదు. ఆ ఖాతాలోకి ఇప్పుడు నెలకు 3,000 మాత్రమే వేస్తున్నామని, అది మానడం లేదని ఆ అమ్మాయి చెప్పింది.